నీలి శిరస్త్రాణము: పరదేశ శాంతిరక్షణమున భారత సైన్యము

ప్రతి సంవత్సరము మే నెల 29వ తేదీని ప్రపంచమంతటను ఐక్యరాజ్యసమితి శాంతిరక్షకుల దినముగా పాటించుదురు. ఆ దినము మనకు రోహిణి కార్తెలో వచ్చును. అప్పటికి మన పాఠశాల తలుపులు మూయబడి యుండును. విద్యార్థులు తమ తమ యూళ్లకు పోయి మామిడితోటల నీడను చేరి యుందురు. కృష్ణా కాలువలు చాలవఱకు ఎండి, అడుగుమట్టి బీటలు వాఱి యుండును. కావున ఆ దినమును గూర్చి మన పాఠశాలలో సభ జరుపుటకు ఎన్నడును వీలు కలుగలేదు. ఆ లోపమును ఈ సంచికలో కొంతవఱకైనను తీర్పవలెనని మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

దీనికి మఱియొక కారణము కూడ కలదు. ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతిలో పరమవీరచక్రము పొందిన వీరులను గూర్చి పాఠము చెప్పుచుండగా కాప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా కథ వచ్చెను. ఆయన మన సరిహద్దున గాక ఆఫ్రికా ఖండమునందలి కాంగో దేశమున ప్రాణము విడిచెనని చెప్పగానే, వెనుక బల్లపై కూర్చుండిన యొక బాలుడు లేచి, "మాస్టారూ, కాంగోవారు మన మీదికి దండెత్తి రాలేదు గదా! వారి తగవులో మనవారు ఏల చావవలెను?" అని యడిగెను. తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెను. ఇంతలో గంట మ్రోగెను. ప్రశ్న మాత్రము నిలిచిపోయెను. అది తెలివితక్కువ ప్రశ్న కాదు. కొడుకును సైన్యమునకు పంపిన ప్రతి తల్లి మనస్సులోను ఆ ప్రశ్న యుండును. దానికి తిన్నని సమాధానము వెదకుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

లస్కరు పని

ముందుగా మనకందఱకు తెలిసిన యొక మనుష్యుని తలచుకొందము. ప్రకాశము బ్యారేజి నుండి నీరు వదలిన పిమ్మట అది ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మొదలగు పెద్ద కాలువలగుండ పాఱి, పిల్లకాలువలలోనికిని బోదెలలోనికిని చేరును. ఎగువ రైతు చేను ముందు తడియును. శివారు రైతు నాగాయలంక వైపుననో కృత్తివెన్ను వైపుననో ఎండుచున్న నారుమడి గట్టున నిలిచి, కాలువ వంక చూచుచుండును. నీరు పుష్కలముగా నున్న యేట ఎవరికెవరును శత్రువులు కారు. నీరు తక్కువైన యేట రాత్రివేళ తూములు తెఱచుటయు, గట్లకు గండ్లు కొట్టుటయు, తెల్లవాఱిన పిమ్మట పారలును కఱ్ఱలును పైకి లేచుటయు కలదు. అట్టి సమయమున నీటి వంతులు కాచుచు కాలువగట్టున తిరుగువాడు లస్కరు. అతని చేత తూము తాళపుచెవియు ఒక పారయు తప్ప వేఱు ఆయుధముండదు.

లస్కరు అను పేరునకు మూలము లష్కరు అను పారసీక పదము. దానికి సైన్యమని యర్థము. సైన్యము పేరు కాలువకాపరికి వచ్చుట వింతగా దోచును గాని, మన పాఠమునకు అది మిక్కిలి తగియున్నది.

ఒంటరియైన ఆ లస్కరు మాట ఇరువైపులవారును ఎందుచేత విందురు? మూడు కారణములు కలవు. నీటి వంతులకు ఉభయులును ముందే ఒప్పుకొని యుండుట మొదటిది. అతడు ఎగువవానికిని దిగువవానికిని పక్షపాతి కాకుండుట రెండవది. ఎవరేమి యన్నను అతడు ముందుగా చేయి చేసికొనకుండుట మూడవది. ఈ మూడింటిలో ఏ యొకటి తప్పినను, తగవును ఆపవలసినవాడే తగవులో మఱియొక పక్షమగును.

ఐక్యరాజ్యసమితి శాంతిరక్షణమునకు మూలసూత్రములును ఈ మూడే. పోరాడిన పక్షముల సమ్మతి మొదటి సూత్రము. నిష్పక్షపాతము రెండవది. ఆత్మరక్షణమునకును, అప్పగింపబడిన కార్యమును కాపాడుటకును తప్ప బలమును ప్రయోగింపకుండుట మూడవది. విద్యార్థులు ఈ మూడు సూత్రములను జ్ఞాపకముంచుకొనవలెను. ఇకముందు చెప్పబోవు జయములును అపజయములును వీటి మీదనే ఆధారపడి యున్నవి.

ఈ పద్ధతి పుట్టిన విధము

ఐక్యరాజ్యసమితి 1945 అక్టోబరు 24న ఏర్పడెను. దాని శాసనపత్రమున ఆఱవ అధ్యాయము తగవులను మాటలతో తీర్చుకొను మార్గములను చెప్పుచున్నది. ఏడవ అధ్యాయము శాంతికి భంగము కలిగించినవారిపై బలమును ప్రయోగించు విధమును చెప్పుచున్నది. శాంతిరక్షణమను పద్ధతి ఆ పత్రమున ఎచ్చటను వ్రాయబడలేదు. అది అనుభవమునుండి పుట్టి, ఆ రెండధ్యాయముల నడుమ నిలిచినది. 1948 మే 29న భద్రతాసమితి పాలస్తీనాలో కాల్పుల విరమణను కనిపెట్టి చూచుటకు పరిశీలకులను పంపవలెనని తీర్మానించెను. శాంతిరక్షకుల దినమునకు మూలము ఆ తేదీయే.

1956లో సూయెజ్ కాలువను గూర్చి యుద్ధము వచ్చినప్పుడు, కెనడా విదేశాంగమంత్రి లెస్టర్ పియర్సన్ చేసిన సూచనపై మొట్టమొదటి సాయుధ శాంతిసేన ఏర్పడెను. అనేక దేశముల సైనికులు అనేక విధములైన దుస్తులతో వచ్చిరి. వారు ఏ పక్షపు సైనికులును కారని దూరమునుండి చూచువారికి తెలియవలసి యుండెను. నీలిరంగు టోపీలు కుట్టించుటకు వ్యవధి లేనందున అమెరికా సైన్యపు శిరస్త్రాణముల తొడుగులకు నీలిరంగు పూసి ఇచ్చిరి. నాటినుండి నీలి శిరస్త్రాణము శాంతిరక్షకునికి గుర్తయ్యెను. యుద్ధమునకు పోవు సైనికుడు శత్రువునకు కనబడకుండుటకై ఆకుపచ్చని దుస్తులనో మట్టివన్నె దుస్తులనో ధరించును. శాంతిరక్షకుడు అందఱకును కనబడుటకై నీలము ధరించును. ఈ రెండు పనులకును గల భేదము ఆ రంగులోనే తెలియుచున్నది.

సమితికి సొంత సైన్యము లేదు. సాధారణముగా భద్రతాసమితిలోని 15 మంది సభ్యులలో 9 మందికి తక్కువ కాకుండ అనుకూలించి, శాశ్వతసభ్యత్వము గల 5 రాజ్యములలో ఏదియు అడ్డుపెట్టనప్పుడే దళమును పంపుటకు వీలగును. అంతట సభ్యరాజ్యములు తమ సైనికులను కొంతకాలమునకై సమితికి ఒప్పగించును. సైనికుని దుస్తులు స్వదేశమువి, టోపీ సమితిది. వ్యయమును రాజ్యములన్నియు తమ శక్తికొలది భరించును. ధనమును ఎక్కువగా ఇచ్చునవి సంపన్నరాజ్యములు. మనుష్యులను ఎక్కువగా పంపుచున్నవి భారతదేశము, నేపాళము, బంగ్లాదేశము, పాకిస్తాను, రువాండా మొదలగునవి. మనదేశము ఇంతవఱకు 50కి పైగా కార్యములకు 2,90,000 మందికి మించి పంపినది. వారిలో సుమారు 180 మంది తిరిగి రాలేదు. ఈ సేవలో ఇంతకంటె ఎక్కువమందిని పోగొట్టుకొన్న దేశము మఱియొకటి లేదు.

కొరియాలో వైద్యులును కాపలాదారులును

స్వతంత్రము వచ్చి మూడేండ్లయినను నిండక మునుపే కొరియాలో యుద్ధము చెలరేగెను. 1950లో మనదేశము అచ్చటికి పోరాడు పటాలమును పంపక వైద్యదళమును పంపెను. 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సు అను ఆ దళమునకు లెఫ్టినెంటు కర్నలు ఏ. జి. రంగరాజ్ అధిపతి. 1951 మార్చిలో సైనికులు విమానములనుండి దూకినప్పుడు ఈ వైద్యులును వారితోపాటు దూకి, యుద్ధభూమియందే గాయపడినవారికి శస్త్రచికిత్సలు చేసిరి. రంగరాజ్‌కు మహావీరచక్రము లభించెను. అది శాంతిరక్షణమను పేరు పొందిన కార్యము కాదు. ఐనను స్వతంత్ర భారతదేశపు సైనికులు సమితి పతాకము క్రింద చేసిన సేవలకు అదియే ఆరంభము.

1953 జూలై 27న కొరియాలో యుద్ధము నిలిచెను గాని యొక పెద్ద చిక్కు మిగిలెను. ఇరువైపుల బందీలలో 22,000 మందికి పైగా తమ దేశములకు తిరిగి పోమనిరి. వారు నిజముగా తమ యిష్టముచేతనే అట్లనుచున్నారా, లేక ఎవరైన బెదరించి యనిపించుచున్నారా యని విచారించుటకు తటస్థరాజ్యముల సంఘమొకటి ఏర్పడెను. లెఫ్టినెంటు జనరలు కె. ఎస్. తిమ్మయ్య దానికి అధ్యక్షుడు. బందీలకు కాపలాగా మేజరు జనరలు ఎస్. పి. పి. థోరట్ నాయకత్వమున మనదేశమునుండి సుమారు 6,000 మంది సైనికులు వెళ్లిరి. దక్షిణకొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ వారిని తన నేలపై అడుగిడనీయనందున, వారిని ఓడలపైనుండి హెలికాప్టర్లలో ఎక్కించి సరిహద్దు మండలమున దింపవలసి వచ్చెను.

ఒకనాడు బందీలు మన అధికారి నొకనిని పట్టుకొని తమ ఆవరణములో నిర్బంధించిరి. కంచె వెలుపల మన సైనికుల తుపాకులు సిద్ధముగా నుండెను. కాల్పులు జరిగినయెడల ఆ అధికారితోపాటు ఎందఱో బందీలు చనిపోయెడివారు. అప్పుడు థోరట్ ఆయుధము లేకుండ తానే లోనికి పోయి, కోపముతో అరచుచున్న గుంపు నడుమ నెమ్మదిగా మాటలాడి, అధికారిని విడిపించుకొని వచ్చెను. సైన్యాధిపతికి కాల్చుమని ఆజ్ఞ ఇచ్చుట కష్టము కాదు. చేతిలో బలముండియు దానిని పట్టి యుంచుటయే కష్టము. శాంతిరక్షకునికి ముఖ్యముగా కావలసిన ధైర్యము ఇదియే యని మా యభిప్రాయము. మఱునాటి సంవత్సరము మనవారు తిరిగి వచ్చునప్పుడు, ఉభయపక్షములకును పోనొల్లని 88 మంది బందీలు వారి వెంట ఓడనెక్కి భారతదేశమునకు వచ్చిరి. తమకు కాపలా యున్న సైనికుల దేశమునే వారు నమ్మి వచ్చిరి!

గాజా, కాంగో

1956లో సూయెజ్ యుద్ధము తరువాత గాజాలోను సినాయి ఎడారిలోను నిలిచిన శాంతిసేనలో మన పటాలములు 1967 వఱకు పదకొండేండ్లు వంతులవారీగా పనిచేసినవి. ఆ సేనకు కొంతకాలము మేజరు జనరలు పి. ఎస్. జ్ఞానియు, కడపట మేజరు జనరలు ఇందర్‌జిత్ రిఖ్యేయు అధిపతులైరి.

కాంగో కథ దీనికంటె కఠినమైనది. 1960 జూన్ 30న ఆ దేశము బెల్జియము పాలననుండి విముక్తి పొందెను. రెండు వారములు గడవకమునుపే, రాగి మొదలగు గనులు గల కటంగా రాష్ట్రము తాను విడిపోయితినని ప్రకటించెను. దానికి విదేశీయులైన కిరాయి సైనికులు తోడైరి. కాంగో ప్రభుత్వము సమితిని సాయమడిగెను. 1961 సెప్టెంబరు 18న సంధి మాటలాడుటకు పోవుచుండిన సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ విమానము కూలి మరణించెను.

ఆ సంవత్సరము డిసెంబరు 5న, నేడు లుబుంబాషి యని పిలువబడు ఎలిజబెత్‌విల్ పట్టణమున విమానాశ్రయపు దారిని కటంగా సైనికులు అడ్డగించిరి. ఆ దారి మూసికొనిపోయినయెడల సమితి సైనికులు ఒకరికొకరు దూరమై చిక్కుకొనెడివారు. సలారియా 16 మంది గూర్ఖా సైనికులతో, సుమారు 90 మంది యున్న శత్రుస్థానముపై పడెను. మెడలో గుండు తగిలినను రక్తము పోయి పడిపోవువఱకు పోరాడెను. శత్రువులు చెదరిపోయిరి, దారి తెఱచుకొనెను, సలారియా మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 26 ఏండ్లు. సమితి సేవలో పరమవీరచక్రము పొందినవాడు ఆయన యొక్కడే. దక్షిణాదివారు చేరెడి మద్రాసు రెజిమెంటు యొక్క 4వ పటాలము కూడ కాంగోలో పనిచేసెను. ఆ కార్యమున మనవారు 39 మంది ప్రాణములు కోల్పోయిరి. 1963 జనవరి నాటికి కటంగా విచ్ఛేదము ముగిసెను. 1964 జూన్‌లో సమితి సేన తిరిగి వచ్చెను.

సలారియా మూడవ సూత్రమును తప్పెనా యని విద్యార్థులు అడుగవచ్చును. తప్పలేదు. అప్పగింపబడిన కార్యమును కాపాడుటకు బలమును వాడవచ్చునని ఆ సూత్రమే చెప్పుచున్నది. ఎప్పుడు ఓర్చుకొనవలెనో ఎప్పుడు నిలిచి పోరాడవలెనో తెలిసికొనుటయే ఈ వృత్తిలోని కష్టము. థోరట్ కొరియాలో చేసినదియు, సలారియా కాంగోలో చేసినదియు ఒకే నాణెమునకు బొమ్మయు బొరుసును వంటివి.

సియెర్రా లియోన్ దేశమునను ఇట్టిదే జరిగినది. 2000 సంవత్సరము మే నెలలో కైలహున్ అనుచోట సుమారు 220 మంది మన గూర్ఖా సైనికులను తిరుగుబాటుదారులు చుట్టుముట్టి, ఆయుధములను అప్పగింపుడనిరి. వారు అప్పగింపలేదు. సంధి మాటలు సాగుచుండగా రెండు నెలలకు మించి అట్లే నిలిచిరి. మాటలు ఫలింపనప్పుడు జూలై నెలలో మేజరు జనరలు వి. కె. జెట్లీ ఆధ్వర్యవమున ఖుక్రీ అను పేరుగల కార్యము నడపి వారిని విడిపించిరి. ఆ పోరులో మన సైనికుడొకడు మరణించెను.

తుపాకి లేని సేవలు

శాంతిరక్షకుల దినచర్యలో పోరాటములు అరుదు. గస్తీ తిరుగుట, దారులు వేయుట, పాతిపెట్టబడిన మందుపాతరలను తీయుట, ఎన్నికల పెట్టెలను మోయుట, ఆస్పత్రులు నడపుట మొదలగునవే వారి నిత్యకృత్యములు. దక్షిణసూడానులో మలకాల్ అనుచోట మన సైనిక వైద్యులు ఆస్పత్రి నడపిరి. పశువైద్యులు అచ్చటివారి పశువులకు చికిత్స చేసిరి. ఆ దేశమున పశువులే సంపద. పశువులను తోలుకొనిపోవుటచేతనే గ్రామములకు గ్రామములు కత్తులు దూసికొనును. కాడియెద్దు చచ్చినపుడు ఇల్లెట్లు కుంగిపోవునో ఎఱిగిన మన రైతుబిడ్డలకు, ఆవునకు వేసిన సూదిమందు శాంతికి ఎట్లు తోడ్పడునో వేఱుగ చెప్పనక్కరలేదు. ఆ దేశముననే 2013లో ఏప్రిల్ నెలలో ఐదుగురును, డిసెంబరులో శరణు జొచ్చిన జనులను కాచుచు ఇద్దఱును మన సైనికులు హతులైరి.

అచ్చటనే బెంటియు అను పట్టణమును వఱద ముంచినప్పుడు, నిరాశ్రయుల శిబిరము చుట్టును కరకట్ట వేసి కాపాడినవారు పాకిస్తాను సైన్యపు ఇంజనీర్లు. మన సరిహద్దున ఎదురెదురుగా నిలుచు రెండు సైన్యములవారు అచ్చట ఒకే నీలి టోపీ ధరించి, ఒకే జనమును కాచిరి. ఈ మాటను విద్యార్థులు తీరికగా ఆలోచింపవలెను.

బాలికలు కూడ వినవలసిన విషయమొకటి కలదు. 2007లో లైబీరియాకు మనదేశము పంపిన మహిళా పోలీసు దళము, అంతయు స్త్రీలతోనే ఏర్పడి సమితి సేవకు పోయిన దళములలో ప్రపంచమున మొదటిది. అది సైన్యము గాక కేంద్ర రిజర్వు పోలీసు దళమునకు చెందినది. 2016 వఱకు ఆ దళములు అచ్చట పనిచేసినవి. రాత్రివేళ వీధులలో వారు గస్తీ తిరుగుట చూచి, ఆ దేశపు యువతులును పోలీసు కొలువునకు ముందుకు వచ్చిరి. సైన్యమునుండి మేజరు సుమన్ గవానీ దక్షిణసూడానులో చేసిన సేవకు 2019 సంవత్సరపు బహుమానమును, మేజరు రాధికా సేన్ కాంగోలో చేసిన సేవకు 2023 సంవత్సరపు బహుమానమును సమితినుండి పొందిరి.

మన తెలుగువారు

ఇవి యన్నియు ఎక్కడనో ఎవరికో జరిగినవని తలపరాదు. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము సమీపమున మాధవరమను గ్రామము కలదు. తరతరములుగా ఇంటింటినుండియు సైన్యమునకు పోవుటచేత జనులు దానిని మిలిటరీ మాధవరమందురు. రెండు ప్రపంచయుద్ధములందును ఆ గ్రామస్థులు పాల్గొనిరి. విజయనగరము వద్ద కోరుకొండలో 1962 నుండి సైనిక పాఠశాల నడచుచున్నది.

ఆ కోరుకొండ పాఠశాలలో చదివినవాడే సూర్యాపేటకు చెందిన కర్నలు బిక్కుమళ్ల సంతోష్‌బాబు. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన పెనుగులాటలో ఆయన వీరమరణము పొందిన సంగతి మన విద్యార్థులకు తెలియును. ఆయనకు మరణానంతరము మహావీరచక్రము లభించెను. అంతకు పూర్వము ఆయన కాంగోలో సమితి శాంతిసేనయందు పనిచేసిన సంగతి మాత్రము కొందఱకే తెలియును. సలారియా ప్రాణమిచ్చిన దేశముననే, సుమారు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, మన తెలుగుబిడ్డ నీలి టోపీ ధరించి నిలిచెను. పరదేశమున శాంతిని కాచినవాడే స్వదేశపు సరిహద్దును ప్రాణమిచ్చి కాచెను. ఆ రెండును వేఱువేఱు ధర్మములు కావు.

అపజయములు

సత్యమును సగము చెప్పిన పాఠము పాఠము కాదు. కావున అపజయములను కూడ చెప్పుచున్నాము. 1967 మే నెలలో ఈజిప్టు తన సమ్మతిని ఉపసంహరించుకొనగా, గాజాలోని సేన లేచిపోవలసి వచ్చెను. జూన్ 5న యుద్ధము వచ్చినప్పుడు ఇంకను అచ్చటనే చిక్కుకొని యున్న మన సైనికులు కొందఱు హతులైరి. మొదటి సూత్రము పోయిన తరువాత నీలి టోపీ వారిని కాపాడలేకపోయెను. 1994లో రువాండాలో సుమారు 8 లక్షల మంది నఱకబడుచుండగా సమితి అచ్చటి తన చిన్నసేనను పెంచుటకు మాఱు తగ్గించెను. కాచుటకు పోయిన సైనికులలో కొందఱు అచ్చటి స్త్రీలకును బాలలకును కీడు చేసిరను ఆరోపణలు పలుదేశముల దళములపై వచ్చినవి. మన దళము దానికి మినహాయింపు కాలేదు. నీలి టోపీ మనుష్యుని మంచివానిగా చేయజాలదు. మంచివాడు ధరించినప్పుడే దానికి గౌరవము.

1987లో మన ప్రభుత్వము శ్రీలంకకు పంపిన సేనకు భారత శాంతిరక్షణ సేనయను పేరే యుండెను. అది సమితి సేన కాదు. రెండు ప్రభుత్వముల ఒప్పందముపై వెళ్లినది. తగవును ఆపుటకు పోయిన ఆ సేన కొలది నెలలలోనే పోరాడు పక్షములలో ఒకటయ్యెను. 1990లో తిరిగి వచ్చునప్పటికి మనవారు వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ సైనికుల ధైర్యమునకు లోపము లేదు. ఇరుపక్షముల సమ్మతి చెదరిపోయిన చోట ఎంతటి ధైర్యమును శాంతిని నిలుపలేదని దానివలన తెలిసికొనవలెను.

ఆ బాలుని ప్రశ్న

ఇక వెనుక బల్లపై నుండి వచ్చిన ప్రశ్నకు వత్తము. వారి తగవులో మనవారు ఏల చావవలెను?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలగు పేటలు నీట మునిగినప్పుడు మనలో ఎందఱో మేడలపై నిలిచి పాలపొట్లముల కొఱకు ఎదురుచూచితిమి. గట్టునకు పడిన గండ్లను పూడ్చు పనికి సైనికులు వచ్చి, ఇనుపవల బుట్టలలో రాళ్లు నింపి అడ్డుకట్ట వేసిరి. వారిలో పెక్కుమందికి మన భాష తెలియదు. వారి ఇండ్లు మునుగలేదు. "వీరి వఱదతో మాకేమి పని?" యని వారు అడుగలేదు. ఆ దినమున మనము గట్టుకు ఆవలివారము, వారు వచ్చినవారు. బెంటియులోను మలకాల్‌లోను కాంగోలోను జనులు అట్లే గట్టుకు ఆవల నిలిచి యున్నారు. గండి ఏ యూరి పొలిమేరలో పడినను నీరు అచ్చటనే ఆగిపోదు గదా!

ఐనను మా సమాధానము ఆ బాలుని ప్రశ్నను పూర్తిగా తీర్చినదని మేము చెప్పజాలము. ఏ తగవులోనికి పోవలెను, దేనికి పోరాదు, ఎంతకాలము నిలువవలెను అను సంగతులను సైనికుడు నిర్ణయింపడు. వానిని పంపెడి ప్రభుత్వము నిర్ణయించును. ఆ ప్రభుత్వమును మనము నిర్ణయింతుము. కావున "ఏల చావవలెను?" అను ప్రశ్నను అడుగుట మన హక్కు మాత్రమే కాదు, మన విధియు నైయున్నది. పోవుచున్న సైనికుని పక్షమున ఆ ప్రశ్నను అడుగవలసినవారము మనమే. అడిగి, విచారించి, తగిన కార్యమునకే పంపినప్పుడు, తిరిగి రానివానిని గూర్చి మనము తలయెత్తి చెప్పుకొనగలము.

వేసవి గడచి కాలువలకు నీరు వచ్చును. అప్పుడు మీ యూరి తూము దగ్గఱ లస్కరు కనబడినయెడల ఒక నిమిషము ఆగి చూడుడు. ఎగువవాని కేకలును దిగువవాని కేకలును వినుచు, తాళపుచెవి చేతబట్టుకొని, ఎవరిపైనను చేయెత్తక, వంతు తప్పనీయక అతడు నిలిచి యుండును. ఆ పనినే సముద్రములకు ఆవల, తుపాకుల నడుమ, చేయుటకు మనవారు వెళ్లిరి. వారిలో సుమారు 180 మంది పేర్లను మనము కంఠస్థము చేయలేకపోయినను, వారు చేసిన పని యెట్టిదో తెలిసికొని యుండుట మనకు తగును.